ఇంజిన్ లేని విమానం

మా పెదమామయ్య పోయి నెల కావస్తోంది. బెంగళూరులో విమానాల డిజైన్‌లో పనిచేసి, రిటైరయ్యాక విశాఖ ఎంవీపీ కాలనీలో స్థిరపడ్డారు. ప్రాణమంతా మాత్రం గ్లైడర్ల మీదే. సెలవు దొరికితే చాలు, పుణె దగ్గర హడప్సర్‌లోని గ్లైడింగ్ సెంటర్‌కి చెక్కేసేవారట. అత్తయ్య ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

"ఇంజిన్ లేకపోతే టెన్షన్ ఉండదా మామయ్యా?" అంటే నవ్వేవారు. "మంచి గ్లైడరైతే కిలోమీటరు ఎత్తు నుంచి 40 కిలోమీటర్లు పోతుందిరా. ఈలోగా పైకి లేచే వేడిగాలి దొరికిందా, మళ్లీ ఎక్కడమే!" కాక్‌పిట్ అద్దం మీద బయటివైపు అంటించే ఊలు దారం ముక్క గురించి చెప్పేటప్పుడు చూడాలి ఆయన మొహం. అది తిన్నగా ఉంటే సరే, పక్కకి వాలితే విమానం అడ్డంగా జారుతున్నట్టు. జీవితమంతా లెక్కలు కట్టిన మనిషి ఆ అర్ధరూపాయి దారాన్ని అంత నమ్మేవారు.

కైలాసగిరి వెళ్తే మాకు టాయ్ ట్రైన్, ఐస్‌క్రీం. ఆయనకి గద్దలు. సముద్రపు గాలి కొండకి తగిలి పైకి లేస్తుందని, అవి రెక్క ఆడించకుండా దాని మీదే తేలతాయని చూపించేవారు. (అయినా నాకు ఫిజిక్స్ అబ్బలేదు, అది వేరే సంగతి.)

ఆయన లాగ్‌బుక్ ఇప్పుడు మా అబ్బాయి చేతిలో పడింది. ఆ గొలుసుకట్టు రాత చదివిపెట్టమని నా ప్రాణం తీస్తున్నాడు.