ఉక్కు మెత్తబడే ఆ కాసేపు

మూడు నెలల కిందట బాలానగర్‌లోని ఒక హీట్ ట్రీట్‌మెంట్ షాపులో, అంటే ఉక్కుని ఎర్రగా కాల్చి, చల్లార్చి గట్టిపరిచే చోట, ఆయిల్ ట్యాంకు పక్కన నిలబడి ఉన్నాను. అప్పుడే కాల్చి ఆయిల్లో ముంచి తీసిన 40 మిల్లీమీటర్ల షాఫ్టు, ఈఎన్ 19 అనే మిశ్రమ ఉక్కుది, ఒక పక్క పొడవునా కీవే అనే గాడి. మేస్త్రీ దాన్ని వి బ్లాకుల మీద పెట్టి, వంపు కొలిచే డయల్ గేజ్ ఆనించి మెల్లగా తిప్పాడు. "మేడమ్, కీవే వైపు వంగుతుందన్నారు కదా, ఇది అవతలికి వంగింది" అన్నాడు. వంపు 0.31 మిల్లీమీటర్లు. నా కంప్యూటర్ సిమ్యులేషన్ చెప్పింది 0.12, అదీ ఎదురు దిక్కులో. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

లెక్కలో తప్పు కనబడలేదు. బాగా కాలిన ఉక్కు ఆస్టెనైట్ అనే మెత్తటి రూపంలో ఉంటుంది; చల్లార్చినప్పుడు ఈ ఉక్కులో అది 330 డిగ్రీల దగ్గర మార్టెన్‌సైట్ అనే గట్టి రూపంగా మారడం మొదలుపెడుతుంది. ఎంత మారుతుందో కోయిస్టినెన్, మార్బర్గర్ 1959లో ఇచ్చిన సూత్రం చెబుతుంది: 200 డిగ్రీలకు 76 శాతం, 30 డిగ్రీలకు 96 శాతం. ఆ సూత్రంలో ఉష్ణోగ్రత తప్ప ఒత్తిడి మాటే లేదు. కానీ లాగితే మార్పు కాస్త ముందే మొదలవుతుందనీ, అన్ని వైపులా నొక్కితే ఆలస్యమవుతుందనీ పటేల్, కోహెన్ 1953లోనే చూపించారు. మార్టెన్‌సైట్‌కి చోటు ఎక్కువ కావాలి మరి. ముందు అది కలిపి చూశాను. వంపు పెద్దగా మారలేదు.

అసలు సంగతి గ్రీన్‌వుడ్, జాన్సన్ 1965లో రాసిన పేపర్లో ఉంది. తిరునాళ్ళలో జనం కదలకుండా నిలబడి ఉంటే తోసుకుని వెళ్ళడం కష్టం. అప్పటికే ఒకరినొకరు నెట్టుకుంటుంటే మాత్రం చిన్న తోపుకే గుంపంతా అటు ఒరుగుతుంది. ఉక్కులోనూ అంతే. కొత్తగా పుట్టిన మార్టెన్‌సైట్ ఉబ్బి, చుట్టూ ఉన్న మెత్తటి ఆస్టెనైట్‌ని లోపలినుంచే సాగదీస్తుంది. ఆ సమయంలో బయటినుంచి కాస్త ఒత్తిడి ఉన్నా చాలు, లోహం ఆ దిక్కుకు జారిపోతుంది, శాశ్వతంగా.

నమ్మకం కుదరక, చల్లబడేటప్పుడు కడ్డీ పొడవు ఎంత మారిందో కొలిచే డైలాటోమీటర్ టెస్ట్ చేయించాను. 10 మిల్లీమీటర్ల పొడవున్న చిన్న కడ్డీ, దాని నడుముకి వెల్డ్ చేసిన, ఉష్ణోగ్రత కొలిచే సన్నటి థర్మోకపుల్ తీగ. చల్లబడేటప్పుడు గ్రాఫ్ తిన్నగా కిందికి దిగుతూ వచ్చి, 330 దగ్గర పైకి తిరిగింది. బరువు లేనప్పుడు ఉబ్బింది 80 మైక్రాన్లు. 60 మెగాపాస్కళ్ళతో నొక్కినప్పుడు 35 మాత్రమే. ఆస్టెనైట్ లొంగడానికి కావలసిన ఒత్తిడిలో 60 సగం కూడా కాదు. ఆ రెండు గీతల మధ్య ఉన్న 45 మైక్రాన్ల ఖాళీని స్క్రీన్ మీద చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఈ జారుడుని ఆన్ చేయకుండానే చాలామంది రిపోర్టులు ఇచ్చేస్తారు. ఆన్ చేసినా వేరే ఉక్కుకి కొలిచిన అంకె వేసేస్తారు. నా మటుకు నేను, మన ఉక్కుకి మనమే కొలవాలంటాను. నేను వాడిన సూత్రంలో సగం లోహం మారేసరికే ఈ జారుడు ముప్పాతిక వంతు అయిపోతుంది. అంటే మొదటి కొద్ది సెకన్లలో ఏ పక్క ముందు చల్లబడిందన్నదే వంపు ఎటో తేలుస్తుంది.

జపాన్ కత్తుల మీద క్యోటో ప్రొఫెసర్ తత్సువో ఇనోవే చేసిన సిమ్యులేషన్ గురించి అప్పుడే చదివాను. వెన్ను మీద మట్టి మందంగా, అంచు మీద పలుచగా పూసి నీళ్ళలో ముంచితే, కత్తి ముందు అంచు వైపు వంగి, అంచు మార్టెన్‌సైట్‌గా ఉబ్బగానే వెనక్కి తిరుగుతుంది. నా షాఫ్టూ ట్యాంకులో అలాగే అటూ ఇటూ ఊగిందని తెలిసి ఒళ్ళు పులకరించింది.

ఈ జారుడు ఒక్కటీ చేర్చాక నా లెక్క 0.24 మిల్లీమీటర్లు చూపించింది, ఈసారి సరైన దిక్కులో. మిగిలిన 0.07కి కారణం కీవేలో ఇరుక్కున్న ఆయిల్ ఆవిరి అని నా అనుమానం. వచ్చే వారం కీవే అడుగు నుంచి 2 మిల్లీమీటర్ల లోతున థర్మోకపుల్ పెట్టడానికి రంధ్రం వేయిస్తున్నాం. డ్రిల్లింగ్ మేస్త్రీయే చేస్తానన్నాడు.