ఇంటికొక తాళం, ఆఫీసుకొక తాళం: స్మార్ట్ లాక్ ఎంపికలో నా అనుభవం

మా ఇంటికీ, ముగ్గురం కలిసి నడుపుతున్న ఆఫీసుకీ ఒకేసారి స్మార్ట్ లాక్‌లు పెట్టించాలనుకున్నాం. రెండు చోట్లా ఒకే మోడల్ అయితే ఒక్క యాప్‌తో పని అయిపోతుంది కదా అని మా భాగస్వాములు అన్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ ఇంటి తలుపు దగ్గర భయం వేరు, ఆఫీసు తలుపు దగ్గర భయం వేరు. ఇంట్లో మనవాళ్లు బయట ఉండిపోకూడదు. ఆఫీసులోనేమో నిన్నటిదాకా వచ్చినవాళ్లు రేపటి నుంచి రాకుండా చేయగలగాలి. పైగా అగ్నిప్రమాదం జరిగితే లోపలున్న అందరూ క్షణాల్లో బయటపడాలి. చివరికి రెండు చోట్లా వేరువేరు రకాలే పెట్టించాం.

ముందు ఇంటి సంగతి. తాళం చూసే ముందు తలుపు కొలుచుకోవాలి. తలుపు మందం ఎంత, అంచు నుంచి తాళం రంధ్రం మధ్యకు దూరం ఎంత అన్నవి తెలియకుండా షాపుకు వెళ్లి లాభం లేదు. ఆ దూరాన్ని బ్యాక్‌సెట్ అంటారు. చాలా తాళాల్లో అది 60 లేదా 70 మిల్లీమీటర్లు ఉంటుంది. పాత తాళం తీశాక మిగిలే రంధ్రాన్ని కొత్త ప్లేటు కప్పుతుందో లేదో కూడా చూడాలి. నేను ప్లేటు కొలతకు అట్ట కత్తిరించి తలుపుకు అంటించి చూసుకున్నాను. రెండు మోడళ్లు అక్కడే ఎగిరిపోయాయి.

అసలు తంటా తలుపు బిగుసుకోవడంతో వచ్చింది. వానలు పడితే చెక్క ఉబ్బుతుంది. మనమైతే భుజంతో ఒక నెట్టు నెట్టి గడియ వేస్తాం. మోటారుకు భుజం లేదు. బోల్టు ద్వారబంధానికి తగిలితే వెనక్కి వచ్చి మళ్లీ తోస్తుంది, లేదా సగంలో ఆగి కీచుమని అరుస్తుంది. అలా పెనుగులాడిన ప్రతిసారీ బ్యాటరీ హరించుకుపోతుంది. అందుకే వడ్రంగిని పిలిచి తలుపు అంచు చిత్రిక పట్టించాం, బోల్టు దూరే రంధ్రాన్ని కాస్త లోతు చేయించాం. తాళంతో వచ్చిన పొట్టి స్క్రూలు పక్కన పడేసి, ద్వారబంధంలోకి బాగా దిగే పొడవాటివి వేయించాం. ఎవరైనా తలుపును తన్నితే ముందు ఊడేది సాధారణంగా ద్వారబంధంలో బోల్టు దూరే చోట బిగించే రేకే, దాన్నే స్ట్రైక్ ప్లేట్ అంటారు. యాప్ ఎంత తెలివైనదైనా ఆ పనిలో సాయపడదు.

వేలిముద్ర విషయంలో నేను అడిగిన మొదటి ప్రశ్న, సెన్సర్ ఆప్టికలా, కెపాసిటివా అని. ఆప్టికల్ రకం వేలిని ఫొటో తీస్తుంది. కెపాసిటివ్ రకం చర్మపు గీతల ఎత్తుపల్లాలను విద్యుత్తుతో గుర్తిస్తుంది, దాన్ని బొమ్మతో మోసం చేయడం కష్టం. కెపాసిటివ్‌దే తీసుకున్నాం. అయినా మా అత్తయ్య వేలు పట్టుకోలేదు. వయసుతో గీతలు అరిగిపోయాయి, చర్మం పొడిబారింది. ఆవిడ ప్రతి వేలూ పెట్టి చూసి, "నేను ఈ ఇంట్లో మనిషిని కాదంటోందిరా మీ తాళం" అన్నారు. ఆవిడకు కార్డు ఇచ్చాం. ఇంట్లో పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే వేలిముద్ర ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఇక అంకెల మీటల మీద రోజూ అవే అంకెలు నొక్కుతుంటే జిడ్డు మరకలే పిన్‌ను బయటపెడతాయి. అసలు పిన్‌కు ముందూ వెనకా ఇష్టమొచ్చిన అంకెలు కలిపి నొక్కినా తెరుచుకునే మోడల్ అయితే ఆ ఇబ్బంది ఉండదు.

బ్యాటరీ గురించి అందరికీ టెన్షనే. చాలా తాళాలకు ఆల్కలైన్ ఏఏ సెల్స్ వేయమంటారు. రీఛార్జి సెల్స్ వేస్తే పొదుపు కదా అనిపిస్తుంది. కానీ వాటి వోల్టేజి 1.2, ఆల్కలైన్‌ది 1.5. దానితో ఛార్జి ఎంత మిగిలిందో తాళం వేసే లెక్క తప్పుతుంది. లిథియం సెల్స్‌ది ఇంకో తీరు, చివరిదాకా వోల్టేజి నిలకడగా ఉండి ఒక్కసారిగా పడిపోతుంది, హెచ్చరిక వచ్చే వ్యవధే ఉండదు. బయటివైపు 9 వోల్టుల బ్యాటరీ ఆనించే రెండు చుక్కలో, టైప్-సి రంధ్రమో ఉంటే గుమ్మం ముందు నిలబడే తాత్కాలికంగా కరెంటు ఇవ్వొచ్చు. మామూలు తాళం చెవి కూడా ఉన్నదే కొన్నాం. ఆ చెవిని ఇంట్లో బీరువాలో పెడితే ఏం ఉపయోగం? ఆఫీసులో పెట్టాం.

ఇంటర్నెట్ లేకపోయినా తలుపు తెరుచుకోవాలన్నది నా పట్టుదల. ఏ తాళాన్నయినా షాపులో వైఫై ఆపించి చూపించమన్నాను. 2017లో ఒక కంపెనీ పొరపాటున వేరే మోడల్ సాఫ్ట్‌వేర్‌ను పంపడంతో వందల తాళాలు పనిచేయకుండా పోయాయి. అది చదివాక మాటలతో ఒప్పుకోబుద్ధి కాలేదు. వేర్వేరు కంపెనీల స్మార్ట్ పరికరాలు కలిసి పనిచేయడానికి 2022లో వచ్చిన మ్యాటర్ అనే ప్రమాణం ఉన్న తాళమైతే ఒకే కంపెనీ యాప్‌కు కట్టుబడక్కర్లేదు.

ఇక ఆఫీసు. అక్కడ గాజు తలుపు, కాబట్టి అయస్కాంత తాళం పెట్టాలన్నారు. దీనికి కరెంటు ఉన్నంతసేపే పట్టు. కరెంటు పోతే తలుపు తెరుచుకుంటుంది, దీన్నే ఫెయిల్ సేఫ్ అంటారు. కరెంటు పోయినా బయటినుంచి మూసే ఉండేది ఫెయిల్ సెక్యూర్. జనం రాకపోకలు సాగించే ప్రధాన ద్వారానికి మొదటిది, దానికి తోడు బ్యాటరీ బ్యాకప్. రికార్డులు ఉన్న గదికి రెండోది, లోపలినుంచి మాత్రం పిడి తిప్పితే చాలు.

బిగించడానికి వచ్చినతను బయటికి వెళ్లడానికీ కార్డే పెడదామన్నాడు, హాజరు లెక్క తేలిగ్గా వస్తుందని. ఒప్పుకోలేదు. పొగలో కార్డు కోసం జేబులు తడుముకునే పరిస్థితి ఎవరికీ రాకూడదు. బయటికి వెళ్లే మీట నొక్కితే కార్డును సరిచూసి తలుపు తెరిపించే కంట్రోలర్‌తో పని లేకుండా నేరుగా అయస్కాంతానికి కరెంటు ఆగేలా వైరింగ్ చేయించాం. ఫైర్ అలారం మోగినా అంతే.

కార్డుల దగ్గర ఇంకో పేచీ. చవకగా దొరికే, 125 కిలోహెర్ట్జ్ రేడియో తరంగాలతో పనిచేసే కార్డులు తమ నంబరును అడిగిన ప్రతి రీడర్‌కూ చెప్పేస్తాయి. అరచేతిలో పట్టే యంత్రంతో కాపీ తీయొచ్చు. మా పాత కార్డునే ఆ బిగించేతని చేత కాపీ చేయించి చూశాం. టీక్‌మని శబ్దం, అంతే, రెండో కార్డు సిద్ధం! 13.56 మెగాహెర్ట్జ్ అన్నంత మాత్రాన కూడా సరిపోదు, ఆ రకంలోనే బాగా వాడుకలో ఉన్న మైఫేర్ క్లాసిక్ కార్డు గుట్టు 2008లోనే రట్టయింది. సమాచారాన్ని ఏఈఎస్ అనే గట్టి రహస్య సంకేత పద్ధతిలో దాచే డెస్‌ఫైర్ రకం కార్డులు తీసుకున్నాం. ఇప్పుడు ఎవరైనా ఉద్యోగం మానేస్తే వాళ్ల కార్డు ఒక్కటి రద్దు చేస్తే చాలు, తాళాలు మార్చే పని లేదు. శుభ్రం చేసేవాళ్లకు ఉదయం కొద్దిసేపే పనిచేసే పిన్ ఇచ్చాం.

ఎవరు ఎప్పుడు వచ్చారో లాగ్‌లో ఉంటుంది. దాన్ని ఎవరు చూడొచ్చు అన్నదాని మీద తాళం ఎంపిక కన్నా ఎక్కువ వాదన జరిగింది. ఏదైనా పోతేనో, గొడవ జరిగితేనో భాగస్వాములు ఇద్దరు కలిసి తెరవాలి, హాజరుకు వాడకూడదు అని రాసుకుని ఉద్యోగులకూ చూపించాం. బిగించినతను వెళ్లేముందు రెండు చోట్లా అతను వాడిన అడ్మిన్ కోడ్‌ను, అతని వేలిముద్రను అతని ఎదుటే తీసేయించి, ఆ వేలితో తెరవమన్నాం. తెరుచుకోలేదు, అప్పుడే బిల్లు కట్టాం.