జీడి పిక్కల కాలంలో లాక్‌డౌన్

2020 ఏప్రిల్ 22, బుధవారం

ఎండ ముదరకముందే బాబాయితో కలిసి జీడితోటకు వెళ్లాను. కూలికి వచ్చిన ఆడవాళ్లు ముక్కుకూ నోటికీ కొంగు చుట్టుకుని, తలా ఒక చెట్టు పంచుకుని, రాలిన పండ్లను ఏరి పిక్కలను మెలితిప్పి తీశారు. మా శ్రీకాకుళం జిల్లాలో ఇంతవరకు ఒక్క కరోనా కేసు కూడా నమోదు కాలేదు. నష్టం మాత్రం నెల క్రితమే ఉద్దానం తోటల్లోకి వచ్చేసింది.

లాక్‌డౌన్ మొదలైన మార్చి 25 ఉగాది పండుగ. ఆ వేళకే పూత మీద టీదోమ అనే పురుగుకు కొట్టిన మందుల ఖర్చు, చెట్ల కింద తుప్పలు నరికించిన కూలి, అన్నీ అయిపోయాయి. వరి రైతు నాట్లకు ముందైతే ఈసారి వద్దనుకోగలడు గానీ, మార్చి నుంచి మే వరకు పిక్క రాలే జీడి రైతుకు ఆ వీలు లేకపోయింది. పలాస, కాశీబుగ్గల్లో పిక్కను ఉడికించి, కొట్టి, పొట్టు తీసే ఫ్యాక్టరీలు ఆగిపోయాయి. పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి, మిఠాయి దుకాణాలు మూసేశారు, తిరుమలలో దర్శనాలు నిలిపివేశారు. పప్పు కొనేవారు లేనప్పుడు పిక్క కొనేవాడు ఎక్కడి నుంచి వస్తాడు? ఊళ్లోకి వచ్చిన ఒకరిద్దరు వ్యాపారులు 80 కిలోల బస్తాకు చెప్పిన ధర వింటే, ఏరిన కూలి పోగా చేతికి మిగిలేది చాలా తక్కువని తేలింది.

ధర వచ్చేదాకా నిల్వ ఉంచమని చెప్పడం తేలికే. అందుకు పిక్కను గలగలమనేదాకా ఎండబెట్టాలి, గోనె సంచులు కొనాలి, తేమ తగలని చోటు చూసుకోవాలి; ఇదంతా మళ్లీ ఖర్చే. "పిక్క ఆగుతుందిరా, కూలోళ్ల డబ్బులు ఆగవు కదా" అన్నాడు బాబాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పడగొట్టిన చెట్ల స్థానంలో నాటిన మొక్కలు ఇంకా కాపుకు రాలేదు కనుక, మిగిలిన చెట్ల మీదే ఇల్లంతా ఆధారపడి ఉంది.

ఇదే ఉద్దానంలో పండే కొబ్బరి, ఎండుకొబ్బరి రూపంలోనైనా కేంద్రం ప్రకటించే మద్దతు ధరకు నోచుకుంది. జీడికి అదీ లేదు. ఇలాంటి ఏడాదిలోనైనా ప్రభుత్వమే పిక్కలు కొనాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

సాయంత్రం కూలికి సరిపడా బస్తాలు వచ్చిన ధరకే ఇచ్చేశాము. మిగిలినవి వానలు పడేలోగా అమ్మాలని బాబాయి నిర్ణయించుకున్నాడు.