ఎక్కడ సేవ్ చేశావ్ రా అంటే...

మా టీమ్‌లో ఈమధ్య ఒక కుర్రాడు చేరాడు, ఇరవై రెండేళ్లుంటాయి, ఫోన్‌లో రెండు బొటనవేళ్లతో వాడు కొట్టే స్పీడు నేను కీబోర్డు మీద పది వేళ్లతో కూడా అందుకోలేను. మొన్న వాడు చేసిన ఎక్సెల్ షీట్ పంపమన్నా. పది నిమిషాలైనా రాలా. వెళ్లి చూస్తే సెర్చ్ బాక్స్‌లో ఫైనల్, ఫైనల్2, న్యూ ఫైనల్ అని ఒక్కో పేరే కొట్టి చూస్తున్నాడు. ఎక్కడ సేవ్ చేశావ్ రా అంటే "ఎక్సెల్‌లోనే సర్" అన్నాడు! చివరికి డౌన్‌లోడ్స్‌లో దొరికింది, ఇంకో వందల ఫైళ్ల మధ్యలో.

ముందు నవ్వొచ్చింది గానీ ఆలోచిస్తే వాడి తప్పేం కనిపించలా. మనకి డి డ్రైవ్, అందులో ఫోల్డర్, దాన్లో ఇంకో ఫోల్డర్, అలా అలవాటైంది. వాళ్లు పెరిగింది ఫోన్‌తో, అక్కడ ఫోటో అంటే గ్యాలరీ, పాట అంటే ఆ యాప్, అంతే. ఐఫోన్ 2007లో వస్తే అందులో ఫైల్స్ అనే యాప్ పెట్టింది 2017లో, పదేళ్లు ఫైల్ అనేది పెద్దగా కంటికి కనపడకుండా దాచేశారు. జీమెయిల్ అయితే 2004లోనే సర్దుకోవడం ఎందుకు, వెతుక్కోండి అంది. మరి వీడు వెతుక్కోక ఏం చేస్తాడు?

2001లో మార్క్ ప్రెన్‌స్కీ అనే అమెరికా రచయిత కంప్యూటర్ల మధ్యే పుట్టి పెరిగిన వాళ్లకి డిజిటల్ నేటివ్స్ అని పేరు పెట్టాడు, నన్నడిగితే ఆ పేరే కొంప ముంచింది. పుట్టుకతోనే అన్నీ వచ్చేసుంటాయిలే అని మనం నేర్పం, రాదని చెప్తే పరువు పోతుందని వాళ్లు అడగరు.

సరే అని ఆ సాయంత్రం అరగంట కూర్చోబెట్టి ఫోల్డర్లు, షేర్డ్ డ్రైవ్ అన్నీ చూపించా. మధ్యలో నేను ఒక్కో లైనూ కాపీ చేసి, విండో మార్చి, పేస్ట్ చేసి, మళ్లీ వెనక్కొస్తుంటే వాడు కాసేపు ఓపిక పట్టి "సర్, విండోస్ కీ నొక్కి వి కొట్టండి" అన్నాడు. కొడితే ముందు ఆన్ చెయ్యమంది, చేశాక కాపీ చేసినవన్నీ వరసగా లిస్టు! 2018 నుంచీ ఉందట ఇది. ఇన్నేళ్లూ నేను చేసిన చాకిరీ తల్చుకుంటే ఏడుపొచ్చింది.

ఇంకోటి, చాట్‌లో "సరే." అని చుక్క పెడితే కోపంగా ఉన్నట్టంట, చేరిన దగ్గర్నుంచీ నేను వాడి మీద మండిపడుతున్నా అనుకున్నాడట పాపం.

పొద్దున చూస్తే షేర్డ్ డ్రైవ్‌లో వాడి ఫోల్డర్ వచ్చింది. పేరు: న్యూ ఫోల్డర్ 2.