ఏ నీలం నింపుకోవాలి?

మన బడిలో చదివినవాళ్లలో చాలామంది మళ్లీ ఇంకు పెన్ను పట్టారని తెలిసి సంతోషమేసింది. కలిసినప్పుడల్లా ఏ నీలం ఇంకు మంచిదని అడుగుతున్నారు. మన తెలుగు అయివారు నేర్పిన పద్ధతి ఈ సంచికలో రాసి ఉంచడం మేలనిపించింది.

మేము పదో తరగతి చదివిన 1986లో అనంతపురం టవర్ క్లాక్ దగ్గరి అంగట్లో నీలమంటే రెండే రకాలు, రాయల్ బ్లూ, బ్లూ బ్లాక్. కొందరిళ్లలో క్యామెల్ బుడ్డి, కొందరిళ్లలో బ్రిల్. పిల్లలందరికీ రాయల్ బ్లూ మీదే మోజు. అయివారు కంపెనీ పేరు అడిగేవారు కాదు. 'నీ నోటుబుక్కులోనే లక్ష్మి అని రాయప్పా' అనేవారు. మన కాగితం గరుకు, ఇంకు పీల్చేది. ఇంకు ఎక్కువ పారితే క్ష కింద మ వత్తు ముద్దయిపోతుంది, ఘ కడుపు పూడిపోతుంది. ఆ వత్తు విడిగా, సన్నగా నిలబడితే ఆ ఇంకు ఆ కాగితానికి కుదిరినట్టు. గుండ్రాలూ వత్తులూ ఇన్ని ఉన్న మన లిపికి ఇంతకంటే మంచి పరీక్ష నాకు ఇప్పటికీ కనబడలేదు.

ఆ తర్వాత తడి వేలితో రుద్దమనేవారు. మామూలు రాయల్ బ్లూ వెంటనే చెదిరిపోతుంది. చొక్కా జేబుకు అంటినా ఉతికితే చాలావరకు పోతుంది కాబట్టి బడిపిల్లలకు అదే సరైనది. కానీ ఎండ తగిలితే పాలిపోతుంది. నా పదో తరగతి నోట్సులో కిటికీ పక్కన పడి ఉన్న పేజీలు ఇప్పుడు చదవడానికి రావు. మా నాయన బ్లూ బ్లాక్‌తో రాసిన జాబులు మాత్రం అక్షరం పోకుండా ఉన్నాయి.

పాతకాలపు బ్లూ బ్లాక్ గుణం మనవాళ్లకు కొత్తది కాదు. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా కాచినా జరిగేది అదే. కాయలోని వగరూ అన్నభేదిలోని ఇనుమూ కలుస్తాయి, గాలి తగిలేకొద్దీ కాగితం నారలోనే నల్లబడతాయి. రాసేటప్పుడు అక్షరం కనబడటానికి బుడ్డి ఇంకులో నీలం రంగు కలుపుతారు. అందుకే రాసినప్పుడు నీలంగా ఉన్నది తర్వాత నల్లగా మారుతుంది, నీళ్లు పడినా నిలుస్తుంది. ఇందులో ఆమ్లం ఉంటుంది. అయివారి చేతిలో రాజమండ్రి రత్నం పెన్ను, 1932లో మొదలైన స్వదేశీ సంస్థది. దాని బంగారు పాళీకి ఆమ్లంతో బాధ లేదు. మా ఉక్కు పాళీలకు మాత్రం తుప్పు పట్టేది.

ఇప్పుడు బ్లూ బ్లాక్ అని రాసి ఉన్న బుడ్డీలన్నిట్లో ఇనుము ఉండదు. కొన్నిట్లో ఉత్త రంగే. పేరు చూసి నమ్మొద్దు.

మన ఎండల గురించి కూడా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో మూత తీసి పెడితే పాళీ కొనలో ఇంకు ఎండిపోతుంది. ఇనుము ఉన్న ఇంకయితే ఆ మడ్డి వదిలించడం కష్టం. ఒంట్లోనే ఇంకు నింపే పెన్నుల్లో ఇంకు అడుగంటితే, లోపలి గాలి చేతి వేడికి వ్యాకోచించి ఇంకు కక్కిస్తుంది. సగానికి రాగానే మళ్లీ నింపుకోండి. బుడ్డి తగ్గితే బోరు నీళ్లు కలిపే అలవాటు కొన్ని ఇళ్లలో ఉండేది, అది మాత్రం వద్దు. మన నీళ్లలోని సున్నం అడుగున చేరుతుంది, బూజు పట్టకుండా వేసిన మందూ పలచబడుతుంది. పెన్ను కడగడానికి కూడా ఫిల్టరు నీళ్లే మేలు.

రోజువారీ రాతకు నేను రాయల్ బ్లూనే నింపుతాను. జాబులకు, పొలం కాగితాల మీద సంతకాలకు ఇనుము ఉన్న బ్లూ బ్లాక్. కొత్త బుడ్డి కొంటే ఒక కాగితం నిండా రాసి, సగం అట్టతో కప్పి, ఎండ పడే కిటికీలో నెల రోజులు ఉంచుతాను. అట్ట తీసినప్పుడు రెండు సగాలూ ఒకేలా ఉంటేనే దానితో సంతకం పెడతాను.