మాఫియా దీవిలో తక్కువ ఖర్చుతో డైవింగ్: తిథుల వారీ లాగ్

మాఫియా దీవికి టికెట్టు కొనే ముందు పంచాంగం తెరిచి తిథి చూడండి. టాంజానియా తీరంలో, జాంజిబార్‌కు దక్షిణాన, రుఫీజీ నది సముద్రంలో కలిసే చోటుకి ఎదురుగా ఉంటుందీ దీవి. డైవింగ్ అంతా తూర్పు వైపున్న చోలే అఖాతంలోనూ, దాని బయటి పగడపు గోడల మీదా. అఖాతానికీ సముద్రానికీ మధ్య ప్రధానమైన దారి కినాసి పాస్. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకి ఆటుపోట్ల తేడా మూడు మీటర్లు మించుతుంది. ఆ నీటిలో చాలా భాగం ఆరు గంటల్లో ఆ సందులోంచే లోపలికి తోసుకొచ్చి, తర్వాతి ఆరు గంటల్లో అందులోంచే బయటికి పోవాలి. అష్టమి దాటాక తేడా సగానికన్నా తగ్గుతుంది. కొత్తవాళ్లు కినాసిలో దిగాల్సింది ఆ రోజుల్లోనే.

ఖర్చు లెక్క కూడా దీనితోనే ముడిపడి ఉంది. 1995లో ఏర్పాటైన మాఫియా మెరైన్ పార్క్ టాంజానియాలో మొట్టమొదటిది. విదేశీయులకు రోజుకి 20 డాలర్ల రుసుము, దాని మీద 18 శాతం వ్యాట్, వెరసి 23.60 డాలర్లు. డైవ్ చేసినా చేయకపోయినా, పార్కు లోపల ఉన్నన్ని రోజులూ కట్టాల్సిందే. తిథి చూడకుండా వెళ్తే, అలా డబ్బు కట్టిన రోజులు బురదనీళ్లు చూస్తూ గడిచిపోతాయి.

పోటు వేళల్ని గుర్తుపెట్టుకోవడం తేలిక. ఈ తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నిండు పోటు తెల్లవారుజామున నాలుగు, సాయంత్రం నాలుగు ప్రాంతాల్లో వస్తుంది. రోజుకి దాదాపు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. అంటే అష్టమికి పోటు ఉదయం పది, పదిన్నరకి చేరుతుంది. పొద్దున్న ఏడు నుంచి పది దాకా సముద్రం నీరు మెల్లగా లోపలికి వస్తూ ఉంటుంది, అది తేటగా ఉంటుంది. నీరు దిగే వేళ అఖాతం అడుగున ఉన్న మెత్తటి మట్టి, మడ అడవుల రంగు, అన్నీ పాస్‌లోకి వచ్చేస్తాయి. ఒకే చోట, ఒకే రోజు, పోటులో పాతిక మీటర్ల దూరం కనిపించి, ఆటులో ఎనిమిది మీటర్లు కూడా కనిపించకపోవడం మామూలే.

ప్రవాహం ఎప్పుడు గట్టిగా ఉంటుందో పన్నెండో వంతుల లెక్కతో తెలుస్తుంది. ఆరు గంటల పోటులో నీరు గంటకి 1, 2, 3, 3, 2, 1 వంతుల చొప్పున ఎక్కుతుంది. తేడా 3.6 మీటర్లైతే మొదటి గంటలో 30 సెంటీమీటర్లు, మూడు, నాలుగు గంటల్లో 90 చొప్పున. అదే 1.2 మీటర్లున్న రోజున నడిమి గంటలో ఎక్కేది 30 సెంటీమీటర్లే. పౌర్ణమి పోటు మొదటి గంటలో వచ్చే నెమ్మది, దశమి నాడు పొద్దంతా ఉంటుందన్నమాట.

బయల్దేరే ముందు

నెల ఎంపిక. అక్టోబరు నుంచి మార్చి మొదటి వారాల దాకా మంచి కాలం. బయటి గోడల మీద సముద్రం శాంతిస్తుంది, దీవిలోని ప్రధాన పట్నం కిలిండోని వైపు వేల్ షార్క్‌లుంటాయి. నవంబరులో చిన్న వానలు పడతాయి, వాటితో పెద్ద ఇబ్బంది లేదు. ఏప్రిల్, మే నెలలు పెద్ద వానలవి, చాలా బసలు మూసేస్తారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కుసి గాలి దక్షిణం నుంచి వీస్తుంది, అప్పుడు అఖాతం లోపలి డైవ్‌లతోనే సరిపెట్టుకోవాలి. ఆగస్టులో నీరు 25 డిగ్రీలకి పడుతుంది, ఐదు మిల్లీమీటర్ల సూట్ కావాలి. ఫిబ్రవరిలో 29 డిగ్రీలు, మూడు చాలు.

టీకా. నైరోబి, అడిస్ అబాబాల మీదుగా వెళ్లేవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని పసుపు కార్డు దగ్గర పెట్టుకోవడం మేలు. కెన్యా, ఇథియోపియా రెండూ భారత ప్రభుత్వ జాబితాలో ఉన్నాయి, కార్డు లేకపోతే తిరిగొచ్చేటప్పుడు క్వారంటైన్‌లో పెట్టే అధికారం విమానాశ్రయంలో ఉంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకుంటేనే కార్డు చెల్లుతుంది.

మలేరియా మాత్ర గురించి డాక్టరుతో మాట్లాడేటప్పుడు డైవింగ్ చేస్తున్నామని తప్పక చెప్పండి. మెఫ్లోక్విన్ వల్ల తల తిరగడం, ఆందోళన వంటివి రావచ్చు. నీళ్లలోంచి వచ్చాక అవి కనిపిస్తే డీకంప్రెషన్ జబ్బా (లోతు నుంచి పైకి వచ్చాక ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టడం), మాత్ర ప్రభావమా తేల్చుకోవడం కష్టం. ఆ జబ్బుకి చికిత్స చేసే రీకంప్రెషన్ ఛాంబర్ దీవిలో లేదు, కాబట్టి అలాంటి సందేహానికి అసలు చోటివ్వకూడదు. డాక్సీసైక్లిన్‌తో ఎండకి చర్మం మాడుతుంది. చాలామంది డైవర్లు అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ వాడతారు. డైవింగ్‌ని కవర్ చేసే ఇన్సూరెన్స్ లేకుండా వెళ్లొద్దు. ఖర్చు తగ్గించుకోవడానికి దారులు చాలా ఉన్నాయి, ఇది మాత్రం వాటిలో ఒకటి కాదు.

సామాను. మాస్క్, లోతూ సమయమూ చూపే డైవ్ కంప్యూటర్, ఎస్‌ఎంబీ (మనం ఎక్కడున్నామో పడవకి చూపడానికి నీటి పైకి వదిలే గాలి గొట్టం), దాని తాడు చుట్టే స్పూల్, మూడు మిల్లీమీటర్ల సూట్, వీలైతే రెగ్యులేటర్ (ట్యాంకు గాలిని నోటికి అందించేది). అన్నీ కలిపి ఆరేడు కిలోల లోపే. బీసీడీ (గాలి నింపి తేలడానికి వేసుకునే జాకెట్), కాళ్లకి తొడిగే ఫిన్స్ అక్కడ అద్దెకి తీసుకోవచ్చు. మర తిప్పి బిగించే డిన్ రకం రెగ్యులేటరైతే, యోక్ రకం ట్యాంకుకి తగిలించే అడాప్టర్ పెట్టుకోండి. మౌత్‌పీస్, రెండు కేబుల్ టైలు, నాలుగు ఓ-రింగులు, కంప్యూటర్ బ్యాటరీ, ఇవి దీవిలో అడిగితే దొరకవు. టాంజానియాలో 2019 జూన్ నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం, తడిబట్టలకి గుడ్డసంచి తీసుకెళ్లండి.

చవితి, పంచమి: దారెస్సలాం నుంచి కిలిండోని

చిన్న విమానంలో అరగంట ప్రయాణం, సామాను 15 కిలోలే. చవక దారి బస్సు, బోటు. దారెస్సలాంలో మ్బగాలా రంగి తాతు నుంచి కిబిటి మీదుగా న్యామిసాటి రేవుకి బస్సు, అక్కడి నుంచి మడ అడవుల కాలువ దాటి కిలిండోనికి బోటు. పడవని బట్టి, గాలిని బట్టి రెండు నుంచి నాలుగు గంటలు. బయల్దేరే వేళ మారుతూ ఉంటుంది, ముందురోజే అడగాలి. అడిగినప్పుడు ఏ లెక్కన చెబుతున్నారో కూడా అడగాలి. స్వాహిలీ గడియారం సూర్యోదయంతో మొదలవుతుంది, వాళ్ల ఒంటిగంట మన ఏడు. "సా కుమి" అంటే మాటకి మాట పది గంటలు, కానీ మన లెక్కన తెల్లవారుజామునో సాయంత్రమో నాలుగు. బోటు తప్పిపోవడానికి ఇంతకన్నా తరచుగా కనిపించే కారణం లేదు.

ప్రభుత్వ ఫెర్రీ ఉన్న రోజు దాన్నే ఎక్కండి. చిన్న పడవైతే లైఫ్ జాకెట్లు మనుషులకి సరిపడా ఉన్నాయో చూసి, లేకపోతే దిగిపోండి. కెమెరా, పాస్‌పోర్టు, మందులు నీళ్లు చొరబడని సంచిలో ఉండాలి.

డబ్బు కిలిండోనిలోనే తీసుకోవాలి, అక్కడ ఎన్‌ఎంబీ బ్యాంకు ఏటీఎం ఉంది. కార్డు పని చేయకపోవచ్చు, మెషీన్‌లో నోట్లు అయిపోవచ్చు. అందుకే దారెస్సలాంలోనే సగం షిల్లింగులు చేతిలో పెట్టుకోవాలి. డాలర్లు తీసుకెళ్తే 2009 తర్వాత ముద్రించినవి, చిరుగూ మరకా లేనివి.

షష్ఠి: ఉతెందే

కిలిండోని నుంచి చోలే అఖాతం ఒడ్డునున్న ఉతెందేకి పదిహేను కిలోమీటర్ల తారురోడ్డు. దలదల వ్యాను చవక, బజాజీ ఆటో దానికన్నా ఎక్కువ. దారిలో పార్కు గేటు దగ్గర రుసుము కట్టి రసీదు జాగ్రత్త చేసుకోండి, డైవ్ సెంటర్ వాళ్లు చూస్తారు. ఉతెందే ఊళ్లో మామూలు గెస్ట్‌హౌస్ గది సుమారు 25 నుంచి 40 డాలర్లు, డైవ్ ఒక్కోటి 50 నుంచి 70. విడిగా కాకుండా ఆరో ఎనిమిదో కలిపి మాట్లాడుకుంటే తగ్గిస్తారు. ఆ ధరలో అద్దె సామాను, బోటు, పన్ను కలిసి ఉన్నాయా అని ముందే తేల్చుకోండి.

తిండికి ఊళ్లో మామా లిషే హోటళ్లున్నాయి. అన్నం, చిక్కుడుగింజల కూర, మ్చిచా అనే తోటకూర, చపాతీ, కొబ్బరిపాలలో చేప. శాకాహారులు ఇబ్బందిపడరు. దీవిలో ఎక్కువమంది ముస్లింలు, రంజాన్ నెలలో పగలు హోటళ్లు మూసి ఉంటాయి. బీచ్ దాటి ఊళ్లోకి వచ్చేటప్పుడు భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి.

సప్తమి: మిలిమాని, బరువు సరిచూసుకోవడం

విశాఖలోనో, నేత్రాణిలోనో, అండమాన్‌లోనో కోర్సు చేసినవాళ్లకి ఇది మొదటి డైవ్‌కి సరైన చోటు. అఖాతం లోపల, పాస్‌కి దగ్గరగా, లోతు ఇరవై మీటర్ల లోపే. పగడపు గుట్టలు వరసగా ఉంటాయి.

ఇక్కడ చేయాల్సిన పని ఒక్కటే, నడుముకి కట్టే సీసపు బరువు ఎంత కావాలో తేల్చుకోవడం. అల్యూమినియం ట్యాంకులో 11 లీటర్ల చోటు, 200 బార్ (ఒత్తిడి కొలత) దగ్గర 2200 లీటర్ల గాలి. ఆ గాలి బరువే రెండున్నర కిలోలు దాటుతుంది. డైవ్ చివరికి దాదాపు రెండు కిలోలు ఖర్చయిపోయి, మనిషి అంత తేలికవుతాడు. అందుకే బరువు డైవ్ మొదట్లో చూస్తే తప్పు లెక్క వస్తుంది. 50 బార్ మిగిలినప్పుడు ఐదు మీటర్ల దగ్గర బీసీడీ ఖాళీ చేసి, మామూలుగా ఊపిరి పీల్చండి. మునిగిపోతుంటే కిలో తీసేయాలి, పైకి తేలిపోతుంటే కిలో కలపాలి. బరువు ఎక్కువైతే బీసీడీలో గాలి నింపి మోయాలి, కాళ్లు కిందికి వేలాడతాయి, ఫిన్స్ పగడాలకి తగులుతాయి. ఈ దిబ్బలు 1998 ఎల్ నీనో వేడికి తెల్లబారి చాలా భాగం చచ్చాయి, తర్వాతి వేడి ఏళ్లలోనూ దెబ్బ తిన్నాయి. మళ్లీ మొలుస్తున్న కొమ్మలు చిటికెనవేలంత ఉంటాయి, ఒక్క ఫిన్ దెబ్బకి విరుగుతాయి.

అష్టమి నుంచి దశమి: కినాసి

పోటు ఎక్కుతున్న వేళ నీళ్లలో దిగితే ప్రవాహం మనల్ని అఖాతం లోపలికి తీసుకొస్తుంది. ఏదైనా తేడా వచ్చి పైకి తేలినా పడవల వైపే వస్తాం. ఆటులో దిగితే అదే ప్రవాహం మహాసముద్రంలోకి నెడుతుంది. రేపటి డైవ్ ఎన్ని గంటలకి అని గైడ్‌ని అడిగి, పోటు పట్టికతో పోల్చి చూసుకోండి. మంచి గైడ్ ఆ ప్రశ్నకి సంతోషిస్తాడు.

గోడ అంచు దగ్గర పెద్ద గ్రూపర్ చేపలు కదలకుండా, ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి నిలబడి ఉంటాయి. అది చూసే నీరు ఎటు నుంచి వస్తోందో చెప్పేయొచ్చు. బుడగలు పైకి వెళ్లకుండా కిందికి జారుతుంటే కిందికి లాగే ప్రవాహంలో ఉన్నట్టు. పక్కకి ఈది బయటపడాలి.

గాలి లెక్క. నిమిషానికి 18 లీటర్లు పీల్చేవాళ్లకి 20 మీటర్ల లోతున, అంటే 3 బార్ ఒత్తిడిలో, 54 లీటర్లు ఖర్చవుతాయి. పైకి రావడానికి ఎంత ఉంచాలి? ఒకే ట్యాంకు మీద ఇద్దరు, కంగారులో ఒక్కొక్కరు 30 లీటర్లు అనుకోండి. అడుగున ఒక నిమిషానికి 180, ఎక్కడానికి రెండు నిమిషాలు, సగటు 2.25 బార్ దగ్గర 270, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాల ఆగుడుకి మరో 270. మొత్తం 720 లీటర్లు, అంటే 65 బార్. 70 అనుకుందాం. మిగిలిన 130 బార్ అంటే 1430 లీటర్లు, 26 నిమిషాలు. ప్రవాహంలో కాళ్లు గట్టిగా ఆడించే కొద్దీ ఈ నిమిషాలు కరిగిపోతాయి, అందుకే ఈదకుండా నీటితో పోవడం నేర్చుకోవాలి. రోజూ మొదలు, చివరి బార్, సగటు లోతు, నిమిషాలు రాసుకుని ఈ లెక్క కడితే, మెరుగవుతున్నామో లేదో అంకెలే చెబుతాయి.

ఎస్‌ఎంబీ. ఏడు మీటర్ల దగ్గర, పైన పడవ లేదని విన్నాక, స్పూల్‌ని కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య వదులుగా పట్టుకుని, ఎడమచేత్తో ఎస్‌ఎంబీని నోటి దగ్గర పెట్టి ఒకటి రెండు ఊపిర్లు ఊదితే చాలు, పైకి వెళ్తూ గాలి వ్యాకోచించి నిండుతుంది. స్పూల్‌ని బీసీడీకి తగిలించొద్దు. తాడు చిక్కుపడితే మనిషిని కూడా పైకి లాగేస్తుంది.

ఏకాదశి: బయటి గోడ

సముద్రం నెమ్మదిగా ఉంటే దిందిని. పాస్ బయట, ఉత్తరాన ఉంటుంది. అలలు రెండు మీటర్లుంటే దిగడం కాదు, మళ్లీ పడవెక్కడమే ప్రమాదం, ఆ రోజు లోపలే డైవ్ చేయండి. మధ్యాహ్నానికి ఉతెందే ఖాళీ చేసి కిలిండోనికి వచ్చేయండి. పార్కు రుసుము ఆగుతుంది, గది కూడా చవక.

ద్వాదశి, త్రయోదశి: కిలిండోని

వరసగా రోజూ డైవ్ చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి. ఆ గంటలు వేల్ షార్క్‌ల దగ్గర గడపడం కన్నా మంచి ఉపయోగం లేదు. ఇక్కడ కనిపించేవి ఎక్కువగా ఎదగని మగవి, ఆరేడు మీటర్లవి. చిన్న రొయ్యల గుంపుల వెంట ఒడ్డుకి దగ్గరగా వస్తాయి. పొద్దున్నే గాలి లేవకముందు వెళ్లాలి. స్నార్కెల్‌తో నీటి పైనే ఉండండి, ఊపిరి బిగబట్టి మునగొద్దు, ఒంట్లో ఇంకా నైట్రోజన్ ఉంటుంది. ఒంటికి మూడు మీటర్లు, తోకకి నాలుగు మీటర్లు దూరం. పక్కగా రావాలి, ఎదురుగా పోయి దారి అడ్డగించకూడదు. చేప వైపు దూకమని తొందరపెట్టే పడవవాళ్లుంటే మాట వినొద్దు, శబ్దానికి అది కిందికి వెళ్లిపోతుంది.

బోటులో తిరిగొస్తే ఎత్తు సమస్య లేదు, దారెస్సలాంలో ఎక్కే విమానానికి మాత్రం గంటలు లెక్కపెట్టుకోవాలి. రెగ్యులేటర్‌ని తిరిగి కట్టేముందు మంచినీళ్లలో నానబెట్టాలి. దీవిలో కొన్ని బావుల నీళ్లు ఉప్పగానే ఉంటాయి కాబట్టి నాలుకతో రుచి చూసి వాడండి. ట్యాంకుకి తగిలించే భాగం, అంటే ఫస్ట్ స్టేజ్, మూత బిగించి ఉండాలి, నీళ్లలో ఉండగా నోటి దగ్గరి పర్జ్ బటన్ నొక్కొద్దు, నొక్కితే నీరు గొట్టం గుండా లోపలికి ఎక్కుతుంది. దారెస్సలాంలో బస చేసిన చోట కుళాయి కింద ఇంకోసారి కడిగి, నీడలో ఆరబెట్టి సంచిలో పెట్టండి.