కుడివైపు కనపడని బండి

మాది దేవరకొండ దగ్గర ఊరు. ఎనిమిదేళ్లు మిర్యాలగూడ మిల్లుల బియ్యం లారీ నడిపి, తర్వాత గోదావరిఖని వైపు ఓపెన్‌కాస్ట్‌లో, అంటే పైనుంచి తవ్వే బొగ్గు గనిలో, కాంట్రాక్టు టిప్పర్ ఎక్కాను. ఊరికొస్తే అందరిదీ ఒకటే మాట, "బొగ్గు తవ్వుతున్నవట గదా!" నిజానికి నేను బొగ్గు ముట్టుకున్నది తక్కువ. సింగరేణిలో టన్ను బొగ్గు బయటికి రావాలంటే ముందు దాదాపు ఐదారు క్యూబిక్ మీటర్ల మట్టీ రాయీ పేల్చి, ఎత్తి, దూరంగా పోయాలి. దాన్నే ఓబీ (ఓవర్‌బర్డెన్, బొగ్గు మీది మట్టి) అంటారు, మా టిప్పర్ల పని అదే. పాలమూరు తాతలు తట్టా పారా పట్టుకుని దేశమంతా తిరిగి చేసిన మట్టిపనే ఇది, కాకపోతే డీజిల్‌తో.

మా టిప్పర్లు పెద్దవే, కానీ గనిలో తిరిగే వంద టన్నుల డంపర్ లారీ పక్కన ఆటోల్లాగ కనపడతాయి. దాని టైరే 2.7 మీటర్ల ఎత్తు, నేను చెయ్యి పైకి చాపినా అంచు అందదు. క్యాబిన్ ఎడమవైపు, మెట్లెక్కి పోవాలి. అక్కడున్న జీపులకు పొడుగు కర్ర కట్టి చివర ఎర్ర జెండా పెడతారు, మొదటిసారి చూసి ఇదేంది జాతరకు పోతున్నారా అని నవ్వుకున్నా.

ఒక రాత్రి షిఫ్టులో మా దారీ డంపర్ల దారీ కలిసే చోట, ఆగి ఉన్న డంపర్‌కు వెనక కుడిపక్కన బండి ఆపి టైరు చూద్దామని దిగాను. రివర్స్ అలారం మోగుతోంది. అక్కడ రాత్రంతా ఏదో ఒక బండి అలారం మోగుతూనే ఉంటుంది, చెవులు దాన్ని లెక్కచేయడం ఎప్పుడో మానేశాయి. ఎదురుగా వస్తున్న టిప్పరతను లైట్లు కొట్టి, హారన్ మీద చెయ్యి తీయకుండా మోగిస్తే అప్పుడు తల ఎత్తాను. వెనక్కి వస్తున్న డంపర్ ఆగింది, నాకూ దానికీ మధ్య నాలుగడుగులుందేమో.

ఆపరేటర్ దిగొచ్చాడు. తిడతాడనుకున్నా. "పైకి రా తమ్మీ" అని తీసుకుపోయి తన సీట్లో కూర్చోబెట్టి, "నీ బండి చూపియ్యి" అన్నాడు. క్వారీ మొత్తం కనపడుతోంది, అవతల మెట్టులా కోసిన బెంచ్ మీద మట్టి ఎత్తే షావెల్ లైట్లు కూడా. నా టిప్పర్ మాత్రం లేదు. జీపుల మీద జెండా ఎందుకో అప్పుడు తెలిసింది.

వాలు సంగతీ అంతే. లోడు బండ్లు తిరిగే హాల్ రోడ్డు మామూలుగా 16 అడుగులకు ఒక అడుగు మించి ఎక్కకూడదు. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్‌లో లారీ దింపినోడికి ఇదొక వాలా అనిపిస్తుంది, కానీ లోడుతో 160 టన్నులు దాటే బండి వానకు తడిసిన బంకమట్టి మీద జారితే పట్టేదెవరు? అందుకే చినుకు గట్టిగా పడితే పని ఆపుతారు, గ్రేడర్ వచ్చి బురద గీకేదాకా కూర్చోవడమే.

మొన్న దామరచర్లలో బామ్మర్ది ఇంటికి పోయాను. యాదాద్రి థర్మల్ కరెంటు ప్లాంటు పక్కనే కాబట్టి బొగ్గు ముచ్చట్లు చాలాసేపు నడిచాయి. తిరిగొచ్చేటప్పుడు కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, ఎక్కి, హారన్ కొట్టి వెనక్కి తీశాను. "ఖాళీ వాకిట్లో ఎవరికి బావా హారన్?" అని బామ్మర్ది ఒకటే నవ్వు.